గోలు కొట్టి బతికినవాళ్లు

2005లో మా తమ్ముడు అబుదాబిలో ఉండేవాడు. ముసఫ్ఫాలో లేబర్ క్యాంపు, షట్టరింగ్ పని. మా బాన్సువాడ చుట్టుపక్కల నిజాంసాగర్ కాలువ నీళ్లు అందిన ఊళ్లలో వరి పండేది. అందని ఊళ్లలో ఇంటికొకరు పాస్‌పోర్టు తీసుకునేవారు. ఏజెంటుకు కట్టడానికి అప్పు, ఆ అప్పు తీర్చడానికి రెండేళ్లు, చెల్లె పెండ్లికి ఇంకో రెండేళ్లు. మా తమ్ముడి లెక్క కూడా అదే.

అదే ఏడాది అబుదాబికి ఇంకో వలస మనిషి చేరాడు. పేరు బార్తలోమ్యూ ఓగ్బెచే. నైజీరియాలో ఒగోజా అనే పట్నంలో 1984 అక్టోబర్ 1న పుట్టాడు. పారిస్ సాంజెర్మాఁ క్లబ్బు వదిలి అల్ జజీరా క్లబ్బుకు ఆడటానికి వచ్చాడు. అప్పటికి అతనికి ఇంకా ఇరవై ఒకటి నిండలేదు. మా తమ్ముడు అతన్ని చూసింది లేదు, పేరు విన్నది లేదు. శుక్రవారం ఒక్కరోజు సెలవు దొరికితే బట్టలు ఉతుక్కుని, ఇంటికి ఫోన్ చేసి, నిద్రపోయేవాడు. అయినా వాళ్లిద్దరూ ఒకే ఎండలో, ఒకే రకం కాగితం మీద ఆ దేశంలో ఉన్నారని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. కాంట్రాక్టు ఉన్నన్నాళ్లే వీసా. ఒళ్లు సహకరించినన్నాళ్లే కాంట్రాక్టు. జీతంలో భూమికీ ఆకాశానికీ ఉన్న తేడాను నేను కాదనను. బతుకు కట్టిన తీరు మాత్రం ఒకటే.

నేను సర్కారు బడుల్లో పీఈటీగా పనిచేసి రిటైరయినవాణ్ణి. మా వైపు పిల్లలకు కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఒంటికి పట్టిన ఆటలు. ఫుట్‌బాల్ నాకు పట్టిన పిచ్చి. ఆఫ్రికా నుంచి వచ్చి మన దేశంలో గోల్స్ కొట్టి బతికిన స్ట్రైకర్ల చరిత్రలో రెండు పెద్ద అధ్యాయాలు తెలుగు నేలతో ముడిపడి ఉన్నాయి. ఒకటి విశాఖపట్నంలో మొదలైంది, ఇంకొకటి హైదరాబాద్‌లో కొసకు చేరింది. వాటి గురించి తెలుగులో కుదురుగా రాసినవాళ్లు నాకు కనిపించలేదు. అందుకే ఈ వ్యాసం.

మొదటిది చీమా ఒకోరీ కథ.

1980లలో మన యూనివర్సిటీల్లో ఆఫ్రికా విద్యార్థులు బాగా కనిపించేవారు. నైజీరియా, సూడాన్, ఇథియోపియా, సోమాలియా నుంచి వచ్చేవారు. ఇంగ్లీషులో చదువు, తక్కువ ఫీజులు, స్కాలర్‌షిప్పులు వాళ్లను ఇటు తెచ్చేవి. నేను బీపీఎడ్ చదివే రోజుల్లో ఉస్మానియా గ్రౌండులో సాయంత్రం పూట వాళ్లు ఆడుతుంటే గట్టు మీద కూర్చుని చూసేవాణ్ణి. మేం బంతిని తన్నేవాళ్లం. వాళ్లు దాన్ని కాలి కింద అట్టిపెట్టుకుని, ఎదుటివాడు మీదికి వచ్చేదాకా ఆగి, అప్పుడు కదిలించేవారు. భుజం ఆనించి డిఫెండర్ని వెనక ఉంచుకోవడం అనే విద్యను నేను పుస్తకంలో చదవకముందే అక్కడ చూశాను. వాళ్లను చూసి ఎగతాళిగా కూతలు కూసినవాళ్లను కూడా అక్కడే చూశాను. ఆడేవాళ్లు వినిపించుకోనట్టే ఉండేవారు. వినిపించకుండా ఉంటుందా? ఆ కూతలు ఇప్పటికీ మన స్టేడియాల్లో ఆగలేదు, అది నాకు సిగ్గు కలిగించే విషయం.

హైదరాబాద్‌కు ఆఫ్రికా కొత్తేమీ కాదు. మాసాబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ అనే బస్తీ పేరులోనే ఆ చరిత్ర ఉంది. నిజాం కొలువులోని ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అక్కడ ఉండేవారు. వాళ్ల వారసులైన సిద్దీలు ఆ బస్తీలోనే ఉన్నారు. మన పెళ్లి ఊరేగింపుల్లో మోగే మర్ఫా వాద్యాన్ని ఈ ఊరికి అలవాటు చేసిన వాళ్లలో సిద్దీలూ ఉన్నారు. మనం వాళ్ల డప్పుకు చిందులేశాం. వాళ్ల దేశాల నుంచి చదువుకోను వచ్చిన పిల్లలను మాత్రం వింతగా చూశాం.

చీమా అలా చదువుకోసమే నైజీరియా నుంచి విశాఖకు, ఆంధ్రా యూనివర్సిటీకి వచ్చాడు. చదువుతూ ఫుట్‌బాల్ ఆడాడు. సముద్రపుగాలి తగిలే ఆ క్యాంపస్‌లో అంత ఒడ్డూ పొడుగూ, అంత బలమైన కాలూ ఉన్న కుర్రాడు ఎక్కువకాలం మరుగున ఉండటం కుదరదు. విశాఖ నుంచి కలకత్తాకు మెయిలెక్కితే ఒక రాత్రి ప్రయాణం. 1985లో మహమ్మడన్ స్పోర్టింగ్ అతన్ని తీసుకుంది. తర్వాత ఈస్ట్ బెంగాల్, ఆ తర్వాత మోహన్ బగాన్. కలకత్తాలో మూడు పెద్ద క్లబ్బుల చొక్కాలూ వేసుకుని, మూడింటి అభిమానుల చేతా ఒకప్పుడు పూలు, ఇంకొకప్పుడు తిట్లు అందుకున్నవాడు చీమా. కలకత్తా లీగ్‌లో అత్యధిక గోల్స్ కొట్టిన ఆటగాడిగా పలుసార్లు నిలిచాడు.

అతని ఆట గురించి నాకు ఎక్కువ తెలిసింది పేపర్ల ద్వారానే. ఇద్దరు డిఫెండర్లు పట్టుకుని లాగుతున్నా ముందుకు పోయేవాడని, పెనాల్టీ బాక్సుకు చాలా దూరం నుంచి గోలీ చేతులు అదిరేలా కొట్టేవాడని రాసేవారు. అప్పటిదాకా మన ఫార్వర్డ్‌లు ఒడుపుతో, డ్రిబ్లింగ్‌తో ఆడేవారు. చీమా వచ్చాక మన డిఫెండర్లు జిమ్‌కు పోవాల్సి వచ్చింది. క్లబ్బుల మేనేజర్లకు కూడా ఒక కొత్త అలవాటయింది. గోల్ కావాలంటే నైజీరియా వాణ్ణి తెచ్చుకోవాలి అన్న ఆలోచన దేశంలో అక్కడి నుంచే పాతుకుపోయింది. చీమాతో పాటు ఆ రోజుల్లో కలకత్తాలో ఆడిన ఎమెకా ఎజుగో 1994 ప్రపంచ కప్‌లో నైజీరియా జట్టు సభ్యుడయ్యాడు. మనవాళ్లు ఎంతటివాళ్లతో ఆడుతున్నారో దాన్నిబట్టే తెలుస్తుంది.

చీమా మధ్యలో ఇంగ్లండ్ వెళ్లి గ్రిమ్స్‌బీ టౌన్, టార్కీ యునైటెడ్ క్లబ్బులకు ఆడి, మళ్లీ మోహన్ బగాన్‌కు తిరిగొచ్చాడు. 1997 జూలై 13న సాల్ట్ లేక్ స్టేడియంలో ఫెడరేషన్ కప్ సెమీఫైనల్, ఈస్ట్ బెంగాల్ మీద. ఆ మ్యాచ్‌కు లక్షా ముప్ఫై వేలకు పైగా జనం వచ్చారు. ఈ దేశంలో ఒక ఆట చూడటానికి ఒకచోట చేరిన అతిపెద్ద గుంపుల్లో అదొకటి. ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచింది, భైచుంగ్ భూటియా హ్యాట్రిక్ కొట్టాడు. బగాన్ తరఫున ఆ ఒక్క గోలూ చీమాది. ఆ సీజన్‌లోనే బగాన్ నేషనల్ లీగ్ గెలిచింది. ఆంధ్రా యూనివర్సిటీ మైదానంలో అతనితో కలిసి ఆడిన తెలుగు పిల్లలు ఇప్పుడు అరవై దాటి ఉంటారు. వాళ్లలో ఎవరైనా ఆ రోజుల గురించి రాస్తే బాగుండునని చాలాకాలంగా ఎదురుచూస్తున్నాను.

ఇక్కడ కాస్త వెనక్కి పోవాలి. చీమా కలకత్తా రైలెక్కడానికి ముప్ఫై ఏళ్ల ముందు అదే కలకత్తాకు మన హైదరాబాద్ పిల్లలు కూలీకి పోయినట్టే గోల్స్ కొట్టడానికి పోయారు. అప్పుడు దేశానికి ఫార్వర్డ్‌లను పంపే ఊరు మనది.

దానికి మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టాడు, ఉస్మానియాలో చదివాడు, బళ్లలో పంతులుగా పనిచేశాడు. ఆ తర్వాత వ్యాయామవిద్యలోకి వచ్చాడు. ఒక పీఈటీగా ఈ వాక్యం రాస్తున్నప్పుడు నా ఛాతీ కొంచెం పొంగుతుంది, దాన్ని దాచుకోను. రహీం సాబ్ తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1956-57, 1957-58లో హైదరాబాద్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడు ఆ జట్టులో హైదరాబాదీలు ఒక పెద్ద గుంపు. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చినప్పుడు రహీం సాబ్ ఒంట్లో క్యాన్సర్ ఉంది. ఆ మ్యాచ్‌లో రెండో గోల్ కొట్టింది జర్నైల్ సింగ్. అతను అసలు డిఫెండర్. తలకు గాయమై కుట్లు పడ్డవాణ్ణి రహీం సాబ్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. స్ట్రైకర్‌ను కొనుక్కురావడం తప్ప వేరే దారి లేదనేవాళ్లకు నేను ఎప్పుడూ ఈ మ్యాచే చెబుతాను. రహీం సాబ్ మరుసటి ఏడాది జూన్ 11న పోయాడు.

ఆ జట్టులోనే తులసీదాస్ బలరాం ఉన్నాడు. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడలో 1936లో పుట్టాడు, పేదవాళ్ల ఇల్లు. ప్రాక్టీసుకు రావడానికి అద్దె సైకిలుకు రహీం సాబే డబ్బులిచ్చేవాడని బలరాం తర్వాత చెప్పుకున్నాడు. కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కు ఆడాడు. 1961లో ఆ జట్టు కెప్టెన్, ఆ ఏడు కలకత్తా లీగ్‌లో అందరికన్నా ఎక్కువ గోల్స్ అతనివే. ఇరవై ఏడో ఏట క్షయ వచ్చి ఆట ఆగిపోయింది. తిరిగి రాలేదు, బెంగాల్‌లోనే ఉండిపోయాడు. ఉత్తరపారాలో ఒంటరిగా బతికి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. ఊపిరితిత్తుల మీద బతికే మనిషికి ఊపిరితిత్తుల జబ్బు రావడమంటే మా తమ్ముడి లాంటివాడికి నడుం విరగడమే.

తర్వాతి తరంలో మహమ్మద్ హబీబ్. 1977 సెప్టెంబర్ 24న ఈడెన్ గార్డెన్స్‌లో పెలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ మీద మోహన్ బగాన్ 2-2తో మ్యాచ్ నిలబెట్టుకుంది. ఒక గోల్ హబీబ్‌ది. అతని తమ్ముడు అక్బర్, వాళ్ల తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. హైదరాబాద్ గల్లీల్లో నేర్చుకుని కలకత్తాలో జీతాలందుకున్నవాళ్లు వీళ్లంతా. షబ్బీర్ అలీ తరం రిటైరయ్యే వేళకు చీమా తరం కలకత్తాలో దిగింది. మనం పంపుతూ వచ్చిన సరుకు మన దగ్గర అయిపోయింది. ఆ ఖాళీని నైజీరియా నింపింది. ఎందుకు అయిపోయిందంటే గ్రౌండ్లు ఇళ్లయ్యాయి, డిపార్టుమెంట్ల జట్లలో ఉద్యోగాలు తగ్గాయి, లీగులు సరిగా జరగలేదు. ఈ మూడూ నా కళ్లముందే జరిగాయి.

ఆ తర్వాతి ఇరవై ఏళ్లను వేగంగా దాటేస్తాను. గోవా క్లబ్బులు కలకత్తాను మించాయి. ఐ-లీగ్ మొదలైన కొత్తలో వరసగా అత్యధిక గోల్స్ కొట్టింది నైజీరియాకు చెందిన ఒడాఫా ఒకోలీ, అతని తర్వాత అదే దేశపు రాంటీ మార్టిన్స్. కేరళలో మలప్పురం వైపు వేసవి రాత్రుల్లో జరిగే, జట్టుకు ఏడుగురే ఆడే సెవెన్స్ టోర్నీల్లో మ్యాచ్‌కింత అని కూలి మాట్లాడుకుని ఆడే ఆఫ్రికన్లు వందల్లో వచ్చారు. అక్కడి జనం ఏ దేశంవాణ్ణయినా సుడానీ అనే పిలుస్తారు. 2018లో వచ్చిన ‘సుడానీ ఫ్రమ్ నైజీరియా’ అనే మలయాళ సినిమా అలాంటి ఒక ఆటగాడి కథే. గాయపడితే అతనికి అన్నం పెట్టేదెవరు అన్నది ఆ సినిమా అడిగిన ప్రశ్న. అది చూసి నేను మా తమ్ముడికి ఫోన్ చేశాను. అతనొక్కటే అన్నాడు, “అన్నా, క్యాంపుల జరమొస్తె మాకు పక్క మంచపోడే అవ్వ.”

మధ్యలో 2003 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో ఆఫ్రో-ఆసియా క్రీడలు జరిగాయి. మన జట్టు సెమీఫైనల్‌లో జింబాబ్వేను 5-3తో ఓడించింది. ఫైనల్లో ఉజ్బెకిస్తాన్ చేతిలో 0-1తో ఓడింది. గచ్చిబౌలిలో కొత్తగా కట్టిన బాలయోగి స్టేడియం అప్పుడు మెరిసిపోయింది. పండుగ అయిపోయాక ఏళ్ల తరబడి అందులో పెద్ద ఫుట్‌బాల్ కనిపించలేదు.

2019లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్)లో పుణె జట్టు స్థానంలో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది. గచ్చిబౌలే దాని ఇల్లు. మొదటి సీజన్‌లో అట్టడుగున నిలిచింది. రెండో సీజన్‌కు స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. మూడో సీజన్‌కు ఓగ్బెచే వచ్చాడు. అప్పటికి అతనికి ముప్ఫై ఆరు దాటాయి.

ఆ వయసులో ఎవరైనా హైదరాబాద్‌కు ఎందుకొస్తారు? దానికి జవాబు అతను నడిచొచ్చిన దారిలో ఉంది. పదిహేడేళ్ల వయసులో, 2002 జూన్ 2న జపాన్‌లో ప్రపంచ కప్ మ్యాచ్‌లో అర్జెంటీనా మీద నైజీరియా తరఫున బరిలోకి దిగాడు. ఎదుట బాటిస్టూటా, పక్కన ఒకోచా, కాను. ఆ మ్యాచ్ 0-1తో పోయింది. ఐదు రోజుల తర్వాత స్వీడన్ మీద ఆడాడు, అదీ 1-2తో పోయింది. పారిస్ క్లబ్బులో అతనితో కలిసి ఆడింది రొనాల్డీనో. అంతటి ఆరంభం చూసినవాడెవడైనా ఇంకో పదేళ్లలో ఇతను ఎక్కడుంటాడో అని లెక్కలు వేసి ఉంటాడు. నిజంగా జరిగింది వేరు. పారిస్ అతన్ని బాస్తియాకు, మెట్జ్‌కు అరువిచ్చింది. తర్వాత అబుదాబి. అక్కడి నుంచి స్పెయిన్‌లో ఆలావెస్, వయ్యదోలిద్, కాదిస్. గ్రీసులో కవాలా. ఇంగ్లండ్‌లో మిడిల్స్‌బరో. మళ్లీ స్పెయిన్‌లో హెరెజ్. నెదర్లాండ్స్‌లో కాంబూర్, విల్లెమ్ 2. ఈ పేర్లలో చాలావరకు రెండో డివిజన్లో ఊగిసలాడే చిన్న ఊళ్ల క్లబ్బులు. ప్రతిచోటా కొత్త భాష, కొత్త చలి, కొత్త కోచ్, అద్దె ఇల్లు. ఒక సీజన్లో గోల్స్ రాకపోతే మూట సర్దుకోవాలి. డిఫెండర్ ఒక తప్పు చేస్తే జట్టు తప్పులో కలిసిపోతుంది. స్ట్రైకర్ కొట్టని గోల్ పేపర్లో అతని పేరు మీదే పడుతుంది. అందుకే అన్ని స్థానాల్లోకీ ఆ స్థానంవాడి కాంట్రాక్టులే త్వరగా చేతులు మారతాయి.

అతను భారత్‌కు 2018లో వచ్చాడు. మొదట గువాహటిలో నార్త్‌ఈస్ట్ యునైటెడ్. చెన్నైతో 4-3తో గెలిచిన మ్యాచ్‌లో హ్యాట్రిక్ చేశాడు, ఆ సీజన్ మొత్తంలో 12 గోల్స్. తర్వాత కేరళ బ్లాస్టర్స్‌కు 15. ఈ రెండు జట్లకూ అతను కెప్టెన్. 2020-21లో ముంబయి సిటీకి 8. ఆ సీజన్ ఫైనల్లో తొంభయ్యో నిమిషంలో బిపిన్ సింగ్ కొట్టిన గెలుపు గోలుకు బంతి అందించింది ఓగ్బెచేనే. ముంబయి వదిలి మన దగ్గరికి వచ్చాడు.

2021-22 సీజన్ అంతా కోవిడ్ వల్ల గోవాలోనే, ఫైనల్ తప్ప ప్రేక్షకులు లేకుండా జరిగింది. హైదరాబాద్ జట్టు పేరు హైదరాబాదే గానీ ఆ ఏడు ఒక్క మ్యాచ్ కూడా హైదరాబాద్‌లో ఆడలేదు. నేను బాన్సువాడలో టీవీ ముందు కూర్చునేవాణ్ణి. మా వీధి పిల్లలు ఒకరిద్దరు వచ్చి కూర్చునేవారు. మొదట్లో వాళ్లకు ఓగ్బెచే అంటే విసుగు. “సార్, గాయన ఉరుకుతనే లేడు గద” అనేవారు. నేను వాళ్లకు బంతిని చూడొద్దని చెప్పేవాణ్ణి, అతన్నే చూడమనేవాణ్ణి. బంతి మిడ్‌ఫీల్డులో తిరుగుతున్నంతసేపూ అతను నడుస్తూ ఉంటాడు. నడుస్తూనే డిఫెండర్ భుజం వెనక్కి, ఆ మనిషి కంటికి అందని చోటికి చేరతాడు. డిఫెండర్ తల తిప్పి వెతికి, కనిపించి, మళ్లీ బంతి వైపు తిరిగిన ఆ అరక్షణంలో రెండడుగులు వేస్తాడు. క్రాస్ పడే చోట అప్పటికే అతను ఉంటాడు. కొట్టేది గట్టిగా కాదు, గోలీ అడుగు ఎటు పడుతుందో చూసి దానికి ఎదురుగా పెడతాడు. పదిహేడేళ్లకు కాళ్లతో ఆడిన ఆటను ముప్ఫై ఏడేళ్లకు కళ్లతో ఆడాడు. వారం తిరగకుండా ఆ పిల్లలు బంతిని వదిలి అతన్నే చూడటం నేర్చుకున్నారు. నా ఉద్యోగం మొత్తంలో నేను ఇంత తేలిగ్గా చెప్పగలిగిన పాఠం ఇంకొకటి లేదు.

ఈస్ట్ బెంగాల్ మీద 4-0 మ్యాచ్‌లో హ్యాట్రిక్. సెమీఫైనల్లో మోహన్ బగాన్ మీద ఒక గోల్ వెనకబడ్డ జట్టుకు హాఫ్‌టైమ్ విజిల్ ముందు సమం చేసిన గోల్ అతనిది, మ్యాచ్ 3-1తో మనది. సీజన్‌లో 18 గోల్స్, గోల్డెన్ బూట్. అదే సీజన్‌లో ఐఎస్ఎల్ చరిత్రలో అత్యధిక గోల్స్ చేసిన ఆటగాడయ్యాడు. 2022 మార్చి 20న ఫటోర్డాలో ఫైనల్, కేరళ బ్లాస్టర్స్ మీద. రాహుల్ కేపీ కొట్టిన గోలుతో వెనకబడి, చివర్లో సాహిల్ తవోరా కొట్టిన షాట్‌తో 1-1. పెనాల్టీల్లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు, 3-1. హైదరాబాద్ పేరు మీద దేశపు పెద్ద ఫుట్‌బాల్ కప్పు మళ్లీ చేరింది. మా ఇంట్లో కేకలకు పక్కింటివాళ్లు లేచారు.

మరుసటి ఏడు జట్టు గచ్చిబౌలికి తిరిగొచ్చింది. కొందరు పిల్లలను వెంటబెట్టుకుని పోయాను. బాన్సువాడ నుంచి బస్సులో మెదక్ మీదుగా పట్నం చేరి, అక్కడి నుంచి గచ్చిబౌలి. స్టేడియం సగం కూడా నిండలేదు. అయినా వామప్ చేస్తూ ఓగ్బెచే మా వైపు గ్యాలరీకి చెయ్యెత్తినప్పుడు మా పిల్లలు అరిచిన అరుపు నిండు స్టేడియానికి సరిపోయింది. ఆ సీజన్లో అతను 10 గోల్స్ చేశాడు. ఐఎస్ఎల్‌లో అన్ని జట్లకూ కలిపి మొత్తం 63. జట్టు లీగ్‌లో రెండో స్థానంలో నిలిచి, సెమీఫైనల్లో మోహన్ బగాన్ చేతిలో పెనాల్టీల్లో ఓడింది. ఓగ్బెచే వెళ్లిపోయాడు.

తర్వాత జరిగింది రాయడానికి చెయ్యి రాదు. 2023-24 సీజన్‌లో క్లబ్బు జీతాలు ఇవ్వలేకపోయింది. బకాయిల వల్ల కొత్త ఆటగాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. విదేశీ ఆటగాళ్లు, మన దేశపు ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు, కుర్రాళ్లతో జట్టు నడిచింది, ఆ సీజన్‌ను అట్టడుగున ముగించింది. యాజమాన్యం మారింది. 2025లో జట్టే ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. గల్ఫ్‌లో కంపెనీ మూతపడితే నెలల జీతం వదులుకుని చేతిసంచితో దిగే మనుషులను మా బస్టాండ్‌లో చూస్తూ పెరిగినవాణ్ణి. పని చేసిన మనిషికి జీతం బాకీ పడటం ఏ దేశంలోనైనా, ఏ ఆటలోనైనా ఒకటే అన్యాయం. ఆటగాడు సంపాదించుకున్నాడులే అనడం సరికాదు. అతని పని వయసు పదిహేనేళ్లు, మిగిలిన బతుకంతా ఆ పదిహేనేళ్ల మీదే గడవాలి.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పాలి. ఐఎస్ఎల్‌లో ఒక జట్టు మైదానంలో నలుగురు విదేశీయులను ఆడించవచ్చు. క్లబ్బులు ఆ నాలుగులో ఒకటి దాదాపు ఎప్పుడూ స్ట్రైకర్‌కే ఇస్తాయి. దానివల్ల మన కుర్రాడికి గోల్ ముందు నిలబడే అవకాశం రావట్లేదని, జాతీయ జట్టుకు సునీల్ ఛెత్రి తర్వాత ఎవరూ దొరకట్లేదని వాదన ఉంది. అందులో సగం నిజం ఉంది. ఛెత్రి 1984 ఆగస్టు 3న సికింద్రాబాద్‌లో పుట్టాడు, సైనికుడి కొడుకు. ఓగ్బెచే అతనికి రెండు నెలలు చిన్న. ఓగ్బెచే నిలబెట్టిన 63 గోల్స్ లెక్కను తర్వాత దాటింది ఛెత్రే. లీగ్‌లో మొదటి ఇద్దరిలో ఒకరు మన సికింద్రాబాద్‌లో పుట్టారు, ఒకరు మన గచ్చిబౌలిలో ఆడారు. అయినా 2022 ఫైనల్ ఆడిన హైదరాబాద్ జట్టులో తెలుగు జిల్లాల పిల్లవాడు ఒక్కడు లేడు. దానికి ఓగ్బెచేను తప్పుపట్టడం కుదరదు. రహీం సాబ్ కాలంలో స్కూలు లీగుల నుంచి పిల్లలు వచ్చేవారు. ఇప్పుడు మా జిల్లాలో పన్నెండేళ్ల పిల్లవాడికి ఏడాదికి నాలుగు సరైన మ్యాచ్‌లు దొరకడం కష్టం. మ్యాచ్‌లు లేకుండా స్ట్రైకర్ తయారు కాడు. క్రాస్ ఎక్కడ పడుతుందో తెలుసుకునే కన్ను ప్రాక్టీసులో రాదు, ఓడిన మ్యాచ్‌లలో వస్తుంది.

అలాంటి కరువులో కూడా మా పాత నిజామాబాద్ జిల్లా నుంచే ఒక అమ్మాయి వచ్చింది. గుగులోత్ సౌమ్య, కిసాన్‌నగర్ తండా పిల్ల, ఫార్వర్డ్. గోకులం కేరళకు ఆడింది. 2022లో క్రొయేషియా వెళ్లి డినామో జాగ్రెబ్ మహిళల జట్టుకు ఆడింది. తండా నుంచి వలసపోయే దారిలో అది ఎవరూ పోని దారి. 2024-25లో ఈస్ట్ బెంగాల్ మహిళల జట్టు ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచినప్పుడు సౌమ్య ఆ జట్టులో ఉంది. 2025లో జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెను ఆ ఏటి ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపిక చేసింది. ఆ జట్టులో ఆమె పక్కన గోల్ ముందు ఆడింది ఘనా దేశపు స్ట్రైకర్ ఎల్షద్దాయ్ అచెంపాంగ్. బలరాం వేసుకున్న చొక్కా, చీమా వేసుకున్న చొక్కా అదే. అందులో ఇప్పుడు మా జిల్లా పిల్ల అంచు మీద పరుగెత్తి బంతి లోపలికి పంపేది, ఘనా పిల్ల అక్కడ కాచుకుని ఉండేది. ఆ మ్యాచ్‌ల వీడియోలు ఫోన్‌లో పెట్టి మా వీధి ఆడపిల్లలకు చూపించాను. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న కిసాన్‌నగర్ ఇక్కడికి ఎంత దూరమని. రెండోది, సాయంత్రం గ్రౌండుకు బంతి తెస్తారా సార్ అని.